మీటరు కంట్లో బొట్టు

రాయపూర్ గుఢియారీలో రైలు పట్టాల పక్క సందులో, సైకిలు ట్యూబుల దుకాణానికీ పిండిమరకీ మధ్య, సుభద్ర కంప్యూటర్ల రిపేరు కొట్టు ఉంది. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా కౌంటరు మీది స్క్రూ మరలు వాటంతట అవే నడుచుకుంటూ అంచుదాకా వస్తాయి. బొగ్గు బండి అయితే నాలుగు అంగుళాలు, ఖాళీ బండి అయితే రెండు. ఒకసారి ఒక మర గడప దాటి, పిండిమరలోకి వెళ్ళి, ఒళ్ళంతా పిండితో తిరిగొచ్చింది. ఈ చివరి మాట సుభద్ర ఒప్పుకోదు. అంగుళాల లెక్క మాత్రం ఒప్పుకుంటుంది, ఎందుకంటే తనే స్కేలు పెట్టి కొలిచింది.

కొలవకుండా ఏదీ నమ్మని మనిషి ఎలా తయారవుతుందో తెలియాలంటే ముందు వాళ్ళ నాన్న అచ్చయ్య గురించి చెప్పాలి. అచ్చయ్యా నేనూ పలాస వైపు వాళ్ళం. ఇద్దరం ఒకే ఏడాది రైల్వేలో చేరి రాయపూర్ వచ్చాం. నేను గూడ్సు గార్డుని. అతను వేగన్ల రిపేరు షాపులో, బ్రేకుల గాలి ఎంత ఉందో చూపించే గేజీలను పరీక్షించే పని. అక్కడ ఒక చెక్కపెట్టెలో మాస్టరు గేజి ఉండేది. బయట తిరిగే ప్రతి గేజీని తెచ్చి దాని పక్కన పెట్టి చూడాలి. ఆ మాస్టరు గేజిని కూడా ఏడాదికోసారి ఇంకో పెద్ద మాస్టరు దగ్గరికి పంపాలి. ముప్పై ఏళ్ళు ఈ పని చేశాక అచ్చయ్యకి ప్రపంచాన్ని అడగడానికి ఒక్కటే ప్రశ్న మిగిలింది: "దేంతో సరిచూసినావు?"

గడియారంలో టైము చెబితే అదే ప్రశ్న. పాలవాడు పాలు చిక్కగా ఉన్నాయంటే అదే ప్రశ్న. పులుసులో ఉప్పు సరిపోయిందని భార్య అన్నమ్మ అంటే, "దేంతో సరిచూసినావు?" అనేవాడు. ఆవిడ గరిటె తీసి అతని అరచేతిలో రెండు చుక్కలు వేసి, "నీ నాలికతో. బేగి చూసి చెప్పు, నాకు వేరే పనులున్నాయి" అనేది.

ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి నేను కథలు చెప్పాలి! ఎనిమిదేళ్ళ సుభద్రకి, ఉర్కురా స్టేషను దగ్గర నేను ఎర్రగొడుగు విప్పి ఒంటిచేత్తో గూడ్సు బండిని ఆపిన సంగతి చెప్పాను. పిల్ల నోరు తెరిచి వింటుందనుకున్నాను.

"గొడుగు ఏ రంగు బాబాయ్?"

"చెప్పానుగా, ఎరుపు."

"మీ ఇంట్లో ఉన్నది నల్లదే కదా?"

"భయానికి నల్లబడిపోయిందమ్మా, బండి అంత దగ్గరికొచ్చేసరికి."

పిల్ల మా ఇంటికెళ్ళి గొడుగు విప్పి, కుట్ల దగ్గర మడతలు విప్పదీసి చూసొచ్చింది. "మడతల్లో కూడా నల్లగానే ఉన్నాది" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నా కథలన్నీ ఆమె దగ్గర పరీక్షకి నిలబడాల్సి వచ్చింది. ఒక్క కథ మాత్రం నెగ్గింది. అది రూళ్ళకర్ర కథ. దాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నేను వాల్తేరులో కాన్వెంటులో చదివాను. మా సిస్టరు దగ్గర ఒక చెక్క రూళ్ళకర్ర ఉండేది. దాని మొదటి అర అంగుళం మా వేళ్ళ కణుపుల మీదే అరిగిపోయింది. అందుకు నా కణుపులు ఎక్కువ సాయం చేశాయి. అలా మొదలు అరిగిన రూళ్ళకర్రతో ఏది కొలిచినా అర అంగుళం ఎక్కువే చూపించేది. ఏటా మా ఎత్తులు దాంతోనే కొలిచేవారు. ఆ ఏడు క్లాసంతా పెరిగామని సిస్టరు సంతోషించి అందరికీ బిస్కెట్లు పంచింది.

సుభద్ర అప్పటికి పదేళ్ళది. ఈ కథ విని నేరుగా ఇంటికెళ్ళి, తన చెక్క స్కేలు మొదటి అర అంగుళం వాళ్ళ నాన్న రంపంతో కోసేసి, పెన్సిలు కొలిచి తిరిగొచ్చింది. "ఇది నిజమే అయ్యుండొచ్చు బాబాయ్. కర్ర పొట్టిదైతే వస్తువు పొడుగు కనిపిస్తాది." కోసిన స్కేలుకి అన్నమ్మ తగిలించిన దెబ్బల సంగతి వేరే.

పెద్దయ్యాక ఆమె జయస్తంభ్ చౌక్ దగ్గర ఒక సంస్థలో ఆరు నెలల హార్డువేరు కోర్సు చేసింది. ఆ బ్యాచిలో ఇరవై రెండు మంది మగవాళ్ళు, ఈమె ఒక్కతే ఆడపిల్ల. పెళ్ళయ్యాక 2006లో కొట్టు పెట్టింది. భర్త రఘు ఉర్లాలో రోలింగు మిల్లులో పనిచేస్తాడు. బోర్డు అతనే రాశాడు, హిందీలో ఒకవైపు, తెలుగులో ఒకవైపు. తెలుగువైపు పిండిమర గోడకి ఎదురుగా ఉండటం వల్ల దాన్ని పావురాలు తప్ప ఎవరూ చదవలేరు.

మొదట్లో జనం వచ్చి, "మెకానిక్ ఎక్కడ?" అని అడిగేవారు. "మెకానిక్‌నే అడుగుతున్నారు" అనేది. కొందరు నమ్మక, మూల స్టూలు మీద కూర్చున్న నావైపు తిరిగి రోగం చెప్పుకునేవారు. నేను గంభీరంగా తలాడించి, "ముందు ఆ అమ్మాయిని చూడనివ్వండి, కుదరకపోతే నేను చెయ్యి పెడతాను" అనేవాణ్ణి. ఇన్నేళ్ళలో నేను చెయ్యి పెట్టాల్సిన అవసరం రాలేదు. రిటైరయ్యాక నాకున్న ఉద్యోగం అదే.

ఆమె బల్ల మీద అన్నిటికన్నా విలువైన వస్తువు పసుపుపచ్చ మల్టీమీటరు. అంకెలు చూపించే రకం. నల్ల తీగ ఒకటి, ఎర్ర తీగ ఒకటి. కరెంటు ఎన్ని వోల్టులుందో అది చెబుతుంది. 2011 విశ్వకర్మ పూజనాడు, రైల్వే ఇళ్ళలో అందరూ చేసినట్టే, సుభద్ర పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టింది. స్క్రూడ్రైవర్ల పిడికీ, కత్తెరకీ, టంకం కడ్డీకీ కుంకం అంటింది. నున్నటి మీటరుకి అంటలేదు. రెండుసార్లు జారిపోయింది. "నాకు అన్నం పెట్టేదానికే బొట్టు నిలవదేటి!" అని, వాళ్ళ నాన్న గేజీల మీద గుర్తులు పెట్టే ఎర్రరంగు డబ్బా తెచ్చి, అగ్గిపుల్లతో మీటరు అద్దం మీద పైమూల ఒక చక్కటి బొట్టు పెట్టింది. ఏడాదంతా చెరగలేదు. నేను కూడా బాగుందన్నాను. తప్పులో నా వాటా అది.

తర్వాతి ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఉమేష్ గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆయన లెక్కల మాస్టారు. శంకర్ నగర్‌లో బ్యాంకు పరీక్షలకి కోచింగు సెంటరు నడుపుతారు. అక్కడి పన్నెండు కంప్యూటర్లు చూసుకునే పని సుభద్రది. గుఢియారీ దాటి ఆమెకి దొరికిన మొదటి పని అది. ఆ వీధిలో ఇంకో నాలుగు ఆఫీసులు ఉమేష్ గారి మాట మీదే ఆమెని పిలిచాయి.

ఆరోజు ఒక పెద్ద కంప్యూటర్ల షాపు అతను సెంటరుకి వచ్చి, కంప్యూటర్లన్నిటిలో ఏదో ఉచిత ప్రోగ్రాము ఎక్కించి చూపించాడట. పన్నెండు వోల్టులు ఉండాల్సిన చోట పది పాయింటు మూడు అని చూపిస్తోందట. పవర్ సప్లై డబ్బాలు పోయాయి, పన్నెండూ ఈరోజే మార్చాలి, లేకపోతే పరీక్ష మధ్యలో ఆగిపోతాయి అన్నాడట. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటి నుంచి అరవైమంది పిల్లలకి విడతలవారీగా మాక్ టెస్టు.

"సర్, బారహ్ కే బారహ్ ఠీక్ హై" అంది సుభద్ర ఫోనులో. "మేరీ జబాన్ హై." పన్నెండూ బాగున్నాయి, నా మాట అని. అని ఫోను పెట్టేసి నావైపు చూసింది. "ఏటి బాబాయ్ అలా చూస్తావు? పోయిన వారమే ఏడో నంబరు మాటిమాటికీ ఆగిపోతందంటే మీటరు పెట్టి చూసినాను. పన్నెండు పాయింటు ఒకటి. పక్కా ఉన్నాది. ప్లగ్గు వదులు అనుకుని అది బిగించినాను."

"పన్నెండిట్లో ఒకటి చూసి పన్నెండిటికీ మాటిచ్చావన్నమాట."

"నడు, స్కూటీ ఎక్కు."

వానలో వెళ్ళాం. నా గొడుగు నల్లదే.

ఉమేష్ గారు మంచి మనిషి. కానీ గాజుపలక మీద కనిపించే అంకె అంటే ఆయనకి భక్తి. మమ్మల్ని చూడగానే మొదటి కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్ళారు. "మేడమ్, ఏ దేఖియే. దస్ పాయింట్ తీన్. స్క్రీన్ ఝూఠ్ థోడీ బోలేగీ?" తెర అబద్ధమాడుతుందా అని ఆయన ప్రశ్న. నిజమని తేలితే మీరు నాకు చెప్పకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చినట్టే కదా, రేపటి నుంచి పని వాళ్ళకే ఇస్తానని కూడా మొహమాటపడుతూనే చెప్పేశారు. తలుపు దగ్గర కుర్చీలో పెద్ద షాపు అతను కాలు మీద కాలు వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

సుభద్ర ఓపిగ్గా చెప్పింది. గోడ కరెంటుని పవర్ సప్లై డబ్బా చిన్నచిన్న వోల్టేజీలుగా మార్చి ఇస్తుంది. పసుపు తీగలో పన్నెండు రావాలి. పదకొండు పాయింటు నాలుగుకి తగ్గకూడదు, పన్నెండు పాయింటు ఆరుకి మించకూడదు. లోపలి బోర్డు మీద ఒక చిన్న చిప్పు ఆ వోల్టేజీని కొలుస్తుంది. పన్నెండుని నేరుగా తట్టుకోలేదు కాబట్టి కొంత కోసి తీసుకుంటుంది. కోసినదాన్ని తిరిగి ఎంతతో హెచ్చవేయాలో ప్రోగ్రాముకి తెలియాలి. వెయ్యి రకాల బోర్డులకి ఒకే ప్రోగ్రాము. ఈ బోర్డు లెక్క బదులు ఇంకో బోర్డు లెక్క వేస్తే తప్పు అంకె వస్తుంది. "అందుకే నేను తెరని అడగను సర్, తీగనే అడుగుతాను" అని పెట్టె మూత తీసి, కంప్యూటరు నడుస్తుండగానే ఖాళీగా ఉన్న ప్లగ్గులో మీటరు మొనలు పెట్టింది. ఖాళీగా పెట్టిన డబ్బా అందరికీ మంచిదే అనిపిస్తుంది, బరువు మోస్తున్నప్పుడే దాని సంగతి తెలుస్తుంది అని నాకు పది సార్లు చెప్పింది ఆ పిల్ల.

మీటరు పదమూడు పాయింటు ఒకటి చూపించింది.

సుభద్ర మొనలు తీసి మళ్ళీ పెట్టింది. పదమూడు పాయింటు ఒకటి.

ఉమేష్ గారు తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళి రెండు గళ్ళు గీశారు. ఒకదానిపైన "తెర", రెండోదానిపైన "మీటరు". పది పాయింటు మూడు. పదమూడు పాయింటు ఒకటి. రెండో కంప్యూటరూ అంతే. మూడోదీ అంతే. ఆరు దాకా అలాగే వెళ్ళింది. ఏడోదానికి తెర మీద తొమ్మిదిన్నర, మీటరులో పన్నెండు పాయింటు ఒకటి. మిగతా అయిదూ మళ్ళీ మొదటి వాటిలాగే.

"అయితే ఏడోదొక్కటే బాగుందా మేడమ్? మాటిమాటికీ ఆగిపోయేది అదేగా!" అన్నారు ఉమేష్ గారు హిందీలో, నిజంగా అర్థంకాక.

తలుపు దగ్గరి మనిషి నవ్వాడు. "తక్కువైనా మార్చాలి, ఎక్కువైనా మార్చాలి సర్. మా దగ్గర సరుకు సిద్ధంగా ఉంది."

సుభద్ర ముఖం నేను అలా ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు నా గొడుగుని విప్పిన పిల్ల, ఇప్పుడు తనే గొడుగైపోయి అందరి ముందూ నిలబడింది. వాతావరణం తేలిక చేద్దామని, "ఒకసారి భిలాయీ దగ్గర మా ఇంజను కూడా ఇలాగే..." అని మొదలెట్టాను.

"బాబాయ్. నాన్న ఉంటే ఇప్పుడు ఏటంటాడు?"

"దేంతో సరిచూసినావు అంటాడు."

"మరి నేను దేంతో సరిచూసినాను? తీగని మీటరుతో. మీటరుని?" ఫోను తీసింది. "నాన్నా, నీ ముల్లు మీటరు పట్టుకుని శంకర్ నగర్ రా. ఆఁ, జల్దీ."

అచ్చయ్యకి ఒక పాత మీటరుంది. అంకెలు కాదు, ముల్లు తిరిగే రకం. వోల్టులు చూడటానికి దానికి బ్యాటరీ అక్కర్లేదు, కొలిచే కరెంటే దాని ముల్లుని తోస్తుంది. రిటైరయినా ఏడాదికోసారి దాన్ని పాత స్నేహితుల దగ్గరికి తీసుకెళ్ళి సరిచూపించుకుంటాడు. దాన్ని ఆటోలో ఎక్కించడు, కుదుపులకి ముల్లు జడుసుకుంటుందని. అంటే సైకిలు రిక్షాలో వస్తాడన్నమాట. ముప్పావుగంట.

ఆ ముప్పావుగంటలో సుభద్ర బోర్డు మీది అంకెలనే చూస్తూ నిలబడింది. చూసీ చూసీ ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"బాబాయ్, మీ సిస్టరు రూళ్ళకర్ర!"

"దానికేం?"

"క్లాసంతా ఒకేసారి పొడుగైపోనారు కదా? పిల్లలందరూ ఒక్కసారే ఎలా పెరుగుతారు? కర్రే పొట్టిదైపోనాది! పదకొండు డబ్బాలు ఒక్కసారే పదమూడుకి ఎలా వెళ్తాయి?"

"అంటే నీ మీటరు..."

"లోపల ఇది కూడా ఒక కర్రతోనే కొలుస్తాది. ఆ కర్రని నిలబెట్టేది బ్యాటరీ. బ్యాటరీ నీరసిస్తే కర్ర పొట్టిదవుతాది, అన్నీ పొడుగు కనిపిస్తాయి. కానీ బ్యాటరీ అయిపోతే అద్దం మీద బ్యాటరీ బొమ్మ రావాల. పైన మూల వస్తాది. ఇక్కడే..."

ఆమె వేలు ఆ మూలకి వెళ్ళి ఆగింది. అక్కడ ఎర్రటి, గుండ్రటి, ఏడాదంతా చెరగని బొట్టు.

ఓలమ్మో అని మాత్రం అంది. బొటనవేలి గోటితో గీకడం మొదలెట్టింది. రంగు పెచ్చులుగా ఊడింది. దాని కింద, ఎన్ని రోజుల నుంచి వెలుగుతోందో పాపం, చిన్న బ్యాటరీ బొమ్మ.

నాకు నవ్వాగలేదు. ఆమెకీ ఆగలేదు. ఏడవాల్సిన చోట ఇద్దరం నవ్వుతుంటే ఉమేష్ గారు బెదిరిపోయారు. సుభద్ర ఆయన్ని అడిగింది: "సర్, మీ కార్డులెస్ మైకులో ఏ బ్యాటరీ ఉంటుంది?" నలుచదరపుది, తొమ్మిది వోల్టులది, నిన్ననే వేశాం అన్నారు. మైకు విప్పి ఆ బ్యాటరీ మీటరులో వేసింది. మొదటి కంప్యూటరు: పన్నెండు పాయింటు ఒకటి.

ఉమేష్ గారు బోర్డు మీద మూడో గడి గీశారు గానీ, అంకె రాయలేదు. "ఇందాక పదమూడంది, ఇప్పుడు పన్నెండంటోంది. ఇంకో బ్యాటరీ వేస్తే పదకొండంటుందేమో? దీన్నెలా నమ్మను మేడమ్?" న్యాయమైన ప్రశ్న. అచ్చయ్య వింటే ఆయన్ని కౌగిలించుకునేవాడు.

అప్పుడే విన్నాడు. తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు అచ్చయ్య, నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసి. గొడుగు ఉంది, కానీ అది అతని నెత్తి మీద లేదు. ఉన్ని మఫ్లరులో చుట్టిన మీటరు మీద ఉంది. పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఒరే మూర్తీ, దీని పక్కన దగ్గకు. ముల్లు కదులుతాది."

"నువ్వు తుమ్మకుండా ఉంటే చాలు. ఒళ్ళు తుడుచుకోరా ముందు."

కూతురు జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పింది. అతను పసుపు మీటరు చేతిలోకి తీసుకుని గీకిన మూలని చూశాడు. "బొట్టు నుదుట పెడతారు గానీ అమ్మీ, కంట్లో పెడతారేటి? అది గుడ్డిదై నీకేటి చెప్పగలదు?"

"తప్పైపోనాది నాన్నా."

"అయిపోనాది కదా. ఇప్పుడు దేంతో సరిచూసుకుంటావో చూసుకో."

ముల్లు మీటరు పెట్టారు. ముల్లు లేచి, కాస్త ఊగి, పన్నెండు దాటి వెంట్రుకవాసిలో నిలబడింది. పక్కనే పసుపు మీటరు, పన్నెండు పాయింటు ఒకటి. రెండో కంప్యూటరూ అంతే. ఉమేష్ గారు నాలుగో గడి కూడా గీసి అంకెలు నింపుతున్నారు. ఆరో కంప్యూటరు దాకా అన్నీ ఒకటే. తలుపు దగ్గరి మనిషి కాలు మీది కాలు దించాడు.

ఏడోది పెట్టారు. ముల్లు పదకొండు మీద కొంచెం పైకి వచ్చి ఆగిపోయింది. పసుపు మీటరు పదకొండు పాయింటు రెండు అంది.

నేను సుభద్ర వైపు చూశాను. పదకొండు పాయింటు నాలుగుకి తగ్గకూడదని ఇందాక తనే చెప్పింది. పోయిన వారం గుడ్డి మీటరు ఈ చెడ్డ డబ్బానే పన్నెండు పాయింటు ఒకటి అని చూపించింది. పన్నెండూ బాగున్నాయి, నా మాట అని ఫోనులో తనే అంది. ఆ అంకె చూసింది మేం ముగ్గురమే. ఉమేష్ గారు బోర్డు వైపు తిరిగి, పెన్ను పట్టుకుని అంకె కోసం ఎదురుచూస్తున్నారు. పన్నెండు అని చెప్పేస్తే రాసేస్తారు. నేను నా జీవితంలో అంతకన్నా సులువైన అబద్ధం చూడలేదు. నేనైతే చెప్పేసేవాణ్ణి, పైగా ఒక ఏనుగుని కూడా చేర్చేవాణ్ణి.

"పదకొండు పాయింటు రెండు, సర్" అంది సుభద్ర హిందీలో. "ఇది చెడిపోయింది. పోయిన వారం దీన్ని బాగుందని చెప్పింది నేనే. పిల్లలు ఆగిపోతోందంటే నమ్మలేదు, నా మీటరుని నమ్మాను. తప్పు నాది. పన్నెండు బాగున్నాయన్నాను. పదకొండే బాగున్నాయి."

ఉమేష్ గారు అంకె రాశారు. మిగతా అయిదూ చూసి అవీ రాశారు. పన్నెండు పాయింటు ఒకటే. తర్వాత చాలాసేపు బోర్డు చూశారు. చూసి, ఆడుకునే పిల్లాడిలా గబగబా భాగహారాలు చేయడం మొదలెట్టారు. "అరే వాహ్!" అన్నారు. "చూడండి మేడమ్! తెర ప్రతి కంప్యూటరుకీ ఒకే నిష్పత్తిలో తక్కువ చెప్పింది. మీ పాత బ్యాటరీ ప్రతిదానికీ ఒకే నిష్పత్తిలో ఎక్కువ చెప్పింది. ఇద్దరూ అబద్ధాలకోర్లే, కానీ ఎంత క్రమశిక్షణ! ఏడోది మిగతావాటికంటే తక్కువని ఇద్దరూ మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. మనమే వినలేదు. రేపు టెస్టు అయ్యాక నిష్పత్తుల పాఠం ఇదే!"

పెద్ద షాపు అతను లేచి, ఏడోదానికైనా కొత్త డబ్బా ఇస్తానన్నాడు. ఉమేష్ గారు సుభద్రని చూశారు. ఆమె సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదెవరు సరిచూసినారు?" అన్నాడు అచ్చయ్య.

"నీ ముందే చూస్తాను, ఆగు నాన్నా!"

బిగించి, కంప్యూటరు వేసి, రెండు మీటర్లూ పెట్టింది. పన్నెండు. తెర మీద తొమ్మిదిన్నర కాస్తా, అందరిలాగే, పది పాయింటు మూడయింది. అచ్చయ్య తలాడించి మఫ్లరు చుట్టాడు. తనకి కాదు, మీటరుకి.

"మేడమ్, ఆయన పన్నెండు మార్చమన్నారు. మీరు ఒక్కటి మార్చారు, అదీ మీ తప్పు ఒప్పుకుని" అన్నారు ఉమేష్ గారు. "నా సెంటరు మీ దగ్గరే ఉంటుంది. ఒకే షరతు. నా మైకు బ్యాటరీ నాకిచ్చేయండి. అది లేకపోతే రేపు అరిచి అరిచి పాఠం చెప్పాలి."

మర్నాడు టెస్టులో పన్నెండూ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సాయంత్రం సుభద్ర వెళ్ళి ప్రతి మానిటరు అంచునా చీటీ అంటించింది: ఇక్కడ పది పాయింటు మూడు అంటే పన్నెండు అని అర్థం. పిల్లలు వాటికింద ఇంకేవో చీటీలు చేర్చారు. ఇక్కడ అరవై మార్కులంటే తొంభై అని అర్థం, అలాంటివి.

ఇప్పుడు సుభద్రకి నయా రాయపూర్‌లో కూడా రెండు ఆఫీసుల పని ఉంది. ఆ వెడల్పాటి ఖాళీ రోడ్ల మీద స్కూటీ తోలుతుంటే ఎదురొచ్చేవాడు కూడా చుట్టంలా అనిపిస్తాడంటుంది. పసుపు మీటరు ఇంకా ఉంది. దాని వీపున బ్యాటరీ మార్చిన తేదీ, ముల్లు మీటరుతో సరిచూసిన తేదీ రాసిన కాగితం ఉంటుంది. ప్రతి నెలా మొదటి తారీఖున అచ్చయ్య కొట్టుకి వచ్చి, రెండిటినీ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు నాది లాక్కుని చూసి సంతకం పెడతాడు. కళ్ళజోడు దేంతో సరిచూశావని నేనడిగితే, దాన్ని తన జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు.

ఆ ఏడాది విశ్వకర్మ పూజకి మేమంతా కొట్లో చేరాం. సుభద్ర కుంకం గిన్నె పట్టుకుని స్క్రూడ్రైవర్లకీ, కత్తెరకీ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. మీటరు దగ్గరికి వచ్చేసరికి అందరం ఊపిరి బిగపట్టాం. ఆమె దాన్ని బోర్లా తిప్పి, వీపున అంటించిన కాగితం మీద పెట్టింది. కాగితానికి కుంకం చక్కగా అంటింది. ఇంత సులువైన సంగతి అంతకుముందు ఏడాది ఎవరికీ తోచలేదు.

తర్వాత స్టూలు మీద కూర్చున్న నా ముందుకొచ్చి నిలబడింది.

"బాబాయ్, నీ నోరు కూడా ఈ కొట్లో పనిముట్టే. నువ్వా రూళ్ళకర్ర కథ చెప్పకపోతే ఈరోజు శంకర్ నగర్ లేదు."

"మరి పెట్టు బొట్టు. సరిచూసినట్టేనా?"

"ఒక్క కథే సరిచూసినాను. మిగిలినవి పెండింగు" అంది. నా నుదుట బొట్టు పెట్టి, చొక్కా జేబుకి ఒక చీటీ పిన్నుతో గుచ్చింది. నాకు కళ్ళజోడు లేదు, అది అచ్చయ్య దగ్గరుంది. అతను చదివి వినిపించాడు: "వాడకానికి పనికొస్తుంది. అంకెలు నమ్మరాదు."

అప్పుడే బయట బొగ్గు బండి వెళ్ళింది. కౌంటరు మీది మరలు నడవడం మొదలెట్టాయి. సుభద్ర చెయ్యి చాపి ఒకదాన్ని అంచున పట్టుకుంది. నాలుగు అంగుళాలే, కావాలంటే కొలుచుకోండి. ఇంకొకటి మాత్రం పిండిమరవైపు వెళ్ళింది.